తెర లేవగానే ఎవరిని చూసి నవ్వుతున్నాం?

('మోడరన్ టైమ్స్' తొలి ఘట్టంలో పాత్ర పరిచయం - ఒక పాఠం)



వార్షికోత్సవం దగ్గరపడిందంటే హాస్టల్‌లో ముందుగా మొదలయ్యేది స్కిట్ గొడవ. ఎవరు రాయాలి, ఎవరు ఏ వేషం వేయాలి, వార్డెన్ సారు ఒప్పుకుంటారా లేదా అని పది రోజుల ముందు నుంచే చర్చ. స్కిట్ అంటే నవ్వించాలి. నవ్వించడం తేలికని అందరం అనుకుంటాం. రాయడానికి కూర్చున్నాక తెలుస్తుంది ఎంత కష్టమో. అందులోనూ మొదటి రెండు నిమిషాలు మరీ కష్టం. ప్రధాన పాత్ర ఎవరు, అతన్ని ఏ కంటితో చూడాలి అన్న సంగతి ప్రేక్షకుడు ఆ రెండు నిమిషాల్లోనే తేల్చుకుంటాడు. ఆ తర్వాత మార్చడం మన చేతిలో ఉండదు.

ఈ వ్యాసంలో ఒక హాస్యచిత్రం ప్రారంభాన్ని తీసుకుని, అందులో ప్రధాన పాత్ర పరిచయం ఎలా జరిగిందో మెట్టు మెట్టుగా చూద్దాం. ఆ చిత్రం చార్లీ చాప్లిన్ తీసిన 'మోడరన్ టైమ్స్'. 1936 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అంత పాత సినిమా, అదీ అమెరికాది, మనకెందుకని అడగవచ్చు. ఆ సినిమా మొదటి భాగం అంతా ఒక ఫ్యాక్టరీలో జరుగుతుంది. బీరంగూడ, రామచంద్రాపురం, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల పెరిగినవాళ్లం మనం. కంపెనీ సైరన్ విని లేచిన ఇళ్లు మనవి. ఆ ఘట్టం మనకు అర్థమైనంత బాగా ఇంకెవరికి అర్థమవుతుంది?

పాత్ర పరిచయంలో పద్ధతులు

మన సినిమాల్లో హీరో ప్రవేశం అందరికీ తెలిసిందే. ముందు రౌడీలు ఎవరినో కొడుతుంటారు. తర్వాత ఒక కాలు కనబడుతుంది, లేకపోతే ఒక చెయ్యి. దుమ్ము లేస్తుంది. చివరికి ముఖం చూపిస్తారు. హాల్లో ఈలలు, గాల్లో కాగితాలు. ఇక్కడ జరిగేది నటుడి పరిచయమే, పాత్ర పరిచయం కాదు. అతని పేరు, పని, కష్టం ఏమీ తెలియకముందే అతను గెలుస్తాడని తెలిసిపోతుంది.

హాస్యానికి ఈ పద్ధతి అంతగా కుదరదు. హాస్యపాత్రకు ముందుగా ఒక ఇరకాటం కావాలి. దాన్ని చూపడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, పాత్ర తన నోటితో తానే చెప్పుకోవడం. దీనికి మన గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' మంచి ఉదాహరణ. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చు వేసిన నాటకం అది. మొదటి రంగంలో గిరీశం విజయనగరంలో ఒంటరిగా నిలబడి, తాను ఎవరిని ఎలా మోసం చేశాడో, ఊళ్లో ఉండడం ఎందుకు కష్టమైందో మనకే చెప్పేస్తాడు. మనిషి మోసగాడని తెలిసిపోయింది, అయినా అతని మాటకారితనానికి నవ్వొస్తుంది. తర్వాత అతను ఎంత పెద్ద మాట మాట్లాడినా దాని వెనుక ఉన్న అప్పులు మనకు గుర్తొస్తూనే ఉంటాయి.

రెండోది, పాత్ర గురించి లోకం ముందే ఒక పేరు పెట్టేయడం. దీనికి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. 2021 మార్చిలో వచ్చిన 'జాతిరత్నాలు' గుర్తు తెచ్చుకోండి. కె.వి. అనుదీప్ దర్శకుడు. నవీన్ పోలిశెట్టి పాత్ర పేరు జోగిపేట శ్రీకాంత్. చదువుకున్నవాడే, కానీ తండ్రి లేడీస్ ఎంపోరియంలో ఉండాల్సిన పరిస్థితి. ఊరివాళ్లు ఆ దుకాణం పేరుతోనే అతన్ని ఆటపట్టిస్తారు. ఆ వెక్కిరింపు తప్పించుకోవడానికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తానని బయలుదేరతాడు. తండ్రి చేసే పనిని బట్టి కొడుకుకు పేరు పడడం మనకు కొత్త సంగతి కాదు. సినిమా చూసి నవ్వుతూనే మనలో చాలామందిమి లోపల కాస్త ఉలిక్కిపడ్డాం.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. పాత్ర మాట్లాడదు, పక్కవాళ్లూ అతని గురించి మాట్లాడరు. అతను చేసే పనే అతన్ని పరిచయం చేస్తుంది. 'మోడరన్ టైమ్స్'లో చాప్లిన్ ఎంచుకున్న దారి ఇదే.

తొలి ఘట్టం - మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు గడియారం. పేర్లు పడుతున్నప్పుడే తెర నిండా ఒక పెద్ద గడియారం కనిపిస్తుంది. ఆరు గంటలు కావస్తుంటుంది. సెకన్ల ముల్లు తిరుగుతుంటుంది. కథానాయకుడి కంటే ముందు మనకు కనిపించేది కాలం. ఈ కథలో పెత్తనం ఎవరిదో అక్కడే చెప్పేశాడు.

రెండో మెట్టు గొర్రెల మంద. ఒకదాన్నొకటి తోసుకుంటూ గొర్రెలు పోతుంటాయి. మంద మధ్యలో ఒక్కటి మాత్రం నల్లది. ఆ బొమ్మ కరిగిపోయి, భూగర్భ రైలు స్టేషన్ మెట్ల మీదుగా తోసుకుంటూ పైకి వచ్చే కార్మికులు కనిపిస్తారు. ఒక్క మాట లేదు. పటాన్‌చెరు దగ్గర జనరల్ షిఫ్టు వదిలే వేళ రోడ్డు దాటిన ఎవరికైనా ఈ రెండు బొమ్మలకూ సంబంధం ఏమిటో వివరించి చెప్పనక్కర్లేదు. ఆ నల్లగొర్రె ఎవరన్నది మాత్రం చాప్లిన్ చెప్పడు. మనమే ఎదురుచూడాలి.

మూడో మెట్టు యజమాని. చాప్లిన్ ఇంకా రాలేదు. పెద్ద గదిలో కంపెనీ అధిపతి కూర్చుని అట్టముక్కలు పేర్చి బొమ్మ చేసే ఆట ఆడుకుంటుంటాడు. తర్వాత పేపర్లో బొమ్మల కథలు చూస్తాడు. మాత్ర వేసుకుంటాడు. తెర మీద ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో చూసి, ఫలానా విభాగంలో వేగం పెంచమని ఆజ్ఞ ఇస్తాడు. పని లేనివాడు పని చేసేవాళ్ల వేగం పెంచుతున్నాడు. మొదటి నవ్వు ఇక్కడ పుడుతుంది. ఎవరి మీద పుట్టిందో గుర్తుపెట్టుకోండి.

నాలుగో మెట్టు బెల్టు. ఇప్పుడు చాప్లిన్ కనిపిస్తాడు. కాలు, చెయ్యి, దుమ్ము, ఏమీ లేదు. బెల్టు పక్కన వరుసలో నిలబడ్డవాళ్లలో ఒకడు, అంతే. రెండు చేతుల్లో రెండు పానాలు. ముందునుంచి పోయే ప్రతి పలకకు ఉన్న రెండు నట్లు బిగించడం అతని పని. పక్కవాళ్ల చేతుల్లో సుత్తెలు. ఒక్క క్షణం గోక్కుంటే రెండు పలకలు దాటిపోతాయి. వాటి వెంట పరుగెత్తితే పక్కవాడి పని చెడుతుంది. ఫోర్‌మన్ అరుస్తాడు. ఈగ వాలుతుంది. ఈగను తోలుకోవడానికి కూడా తీరిక లేదు. గోక్కోవడం, ఈగను తోలడం ప్రపంచంలో అందరూ చేసే పనులు. అవి కూడా చేయడానికి వీల్లేని చోట నిలబడ్డాడు కాబట్టి మనకు నవ్వొస్తుంది, ఆ వెంటనే పాపమనిపిస్తుంది.

ఐదో మెట్టు ఆగని చేతులు. బెల్టు దగ్గర నుంచి పక్కకు వచ్చినా అతని చేతులు నట్లు బిగిస్తున్నట్టే కొట్టుకుంటుంటాయి. పక్కవాడి సూపు గిన్నె పట్టుకుంటే ఒలికిపోతుంది. బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే టైమ్ కార్డు గుద్దాలి. అక్కడ ఒక దమ్ము కొడదామంటే గోడమీద తెరలో యజమాని ముఖం ప్రత్యక్షమై పనికి పొమ్మంటుంది. 1936లోనే ఆయన గోడమీద కెమెరాను ఊహించాడు చూడండి.

ఆరో మెట్టు అన్నం పెట్టే యంత్రం. భోజన విరామం ఆదా చేయడానికి ఒక యంత్రాన్ని అమ్మడానికి వస్తారు. పరీక్షకు చాప్లిన్‌ను అందులో బిగిస్తారు. మొదట సూపు తాగిస్తుంది, మూతి తుడుస్తుంది. తర్వాత చెడిపోతుంది. మొక్కజొన్న కంకి ముఖం మీద గిర్రున తిరుగుతుంది. బాగుచేసేవాడు మరిచిపోయి పళ్లెంలో పెట్టిన ఇనుప నట్లను కూడా ఆ యంత్రం నోట్లోకి తోస్తుంది. మూతి తుడిచేది చెంప మీద కొడుతుంది. చివరికి యజమాని ఇది పనికిరాదంటాడు. మనిషికి దెబ్బ తగిలిందని కాదు, గిట్టుబాటు కాదని.

ఏడో మెట్టు యంత్రం లోపల. బెల్టు వేగం ఇంకా పెరుగుతుంది. నట్టు వదలకుండా బిగిస్తూ చాప్లిన్ బెల్టు మీద పడి యంత్రం నోట్లోకి వెళ్లిపోతాడు. పెద్ద పెద్ద పళ్లచక్రాల మధ్య మెలికలు తిరిగిపోతూ, అక్కడ కూడా దొరికిన నట్లు బిగిస్తుంటాడు. బయటికి వచ్చాక మతి తప్పుతుంది. నట్టులా కనిపించిన ప్రతిదాన్నీ బిగించబోతాడు, పక్కవాడి ముక్కుతో సహా. చివరికి ఆస్పత్రి బండి వస్తుంది. నల్లగొర్రె ఎవరో ఇప్పుడు తెలిసింది.

గమనించాల్సిన మూడు సంగతులు

ఒకటి, ఈ పాత్రకు పేరు లేదు. పేర్ల జాబితాలో కూడా 'ఒక ఫ్యాక్టరీ కార్మికుడు' అనే ఉంటుంది. అయినా పావుగంటలో అతను మనకు ఇంటిమనిషి అయిపోతాడు. పరిచయమంటే పేరు చెప్పడం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండు, మాట ఎవరిది అన్న ప్రశ్న. అప్పటికి మాట్లాడే సినిమాలు వచ్చి చాలా ఏళ్లయింది. తెలుగులో కూడా 'భక్త ప్రహ్లాద' 1932లోనే వచ్చింది. అయినా ఈ ఘట్టంలో కార్మికులెవరి గొంతూ మనకు వినబడదు. మనిషి గొంతు యంత్రాల్లోంచే వస్తుంది. యజమాని తెరలోంచి మాట్లాడతాడు, అన్నం పెట్టే యంత్రం గొప్పలు గ్రామఫోన్ రికార్డు చెబుతుంది. మాట కూడా ఒక అధికారమేనని చాప్లిన్ ఇలా చూపించాడు.

మూడు, నవ్వు ఎవరి మీద పడుతోంది? ఇది అన్నిటికంటే ముఖ్యం. చాప్లిన్ కిందపడతాడు, వణుకుతాడు, పిచ్చి చేష్టలు చేస్తాడు. మనం నవ్వుతాం. కానీ జాగ్రత్తగా చూస్తే మన నవ్వు అతని పేదరికం మీద గానీ, బట్టల మీద గానీ, శరీరం మీద గానీ పడదు. వేగం పెంచినవాడి మీద, గిట్టుబాటు లెక్క మీద, మనిషిని మరిచిపోయిన యంత్రం మీద పడుతుంది. ఎందుకంటే చాప్లిన్ ముందుగా గడియారాన్ని, యజమానిని చూపించి ఆ తర్వాతే కార్మికుణ్ణి చూపించాడు. వరుస తారుమారు చేసి చూడండి. వణికే చేతులతో సూపు ఒలకబోసే మనిషితో సినిమా మొదలైందనుకోండి. అప్పుడు అతను ఒట్టి వెర్రివాడు. నటన అదే, నవ్వు మాత్రం మారిపోతుంది.

ఈ చూపు అతనికి ఎక్కడిది?

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న పుట్టాడు. లండన్‌లో పేదల పేటల్లో పెరిగాడు. తండ్రి ఆదరణ లేదు, తల్లి కుట్టుపనితో నెట్టుకొచ్చేది. 1896లో, ఏడేళ్ల వయసులో, తల్లితోనూ అన్న సిడ్నీతోనూ కలిసి లాంబెత్‌లోని దిక్కులేనివాళ్ల పనిశాలలో చేరాల్సి వచ్చింది. అక్కడి నుంచి పిల్లలను హాన్‌వెల్ అనే చోట అనాథ, నిరుపేద బాలల వసతి పాఠశాలకు పంపారు. మన హాస్టల్‌ను దానితో పోల్చడం సరికాదు. కానీ ఇంటికి దూరంగా, గంట కొడితే లేచి, వరుసలో నిలబడి తినే బాల్యం ఎలా ఉంటుందో అతనికి తెలుసని మాత్రం మనం గ్రహించగలం.

పెద్దవాడయ్యాక బెల్టు సంగతి తెలుసుకున్నాడు. హెన్రీ ఫోర్డు 1913లో కదిలే బెల్టు పద్ధతి పెట్టాక, కారు చట్రం బిగించడానికి పట్టే సమయం దాదాపు పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు తగ్గింది. చాప్లిన్ 1923లో డెట్రాయిట్‌లో ఆ కర్మాగారం చూశాడు. పల్లెల నుంచి వచ్చిన దృఢమైన కుర్రవాళ్లు కొన్నేళ్లు బెల్టు దగ్గర పనిచేసి నరాలు దెబ్బతిని మిగిలిపోతున్నారని ఒక విలేకరి చెప్పిన మాట అతని మనసులో నాటుకుంది. 1931 సెప్టెంబర్ 22న లండన్‌లో మహాత్మా గాంధీని కలిసినప్పుడు, యంత్రాలను ఎందుకు వ్యతిరేకిస్తున్నారని అడిగాడు. యంత్రాల వల్ల భారతదేశం ఇంగ్లండ్ మీద ఆధారపడే స్థితికి వచ్చిందని గాంధీజీ వివరించారు. ఆ తర్వాత అయిదేళ్లకు ఈ సినిమా వచ్చింది.

యంత్రం మనిషిని మింగడం సినిమాలో నవ్వే. బెల్టు వెనక్కి తిప్పితే మనిషి బయటికి వస్తాడు. మన దగ్గర అలా జరగదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి చోట పెరిగిన మనం కార్మికుణ్ణి రంగస్థలం మీదికి తెచ్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఒకప్పుడు ఆ జాగ్రత్త నాకు లేదు.

నేను రాసిన స్కిట్

నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక వార్షికోత్సవానికి స్కిట్ రాశాను. మొదటి దృశ్యం: ఆదివారం నాడు కొడుకును చూడడానికి ఒక తండ్రి వస్తాడు. కంపెనీ యూనిఫాం, దాని మీద నూనె మరకలు, చేతిలో టిఫిన్ డబ్బా. నిలబడే నిద్రపోతుంటాడు. కొడుకు క్లాసు పేరు కూడా తప్పు చెబుతాడు. వేషం వేసినవాడు బాగా చేశాడు. హాలంతా పగలబడి నవ్వింది. నేను తెర పక్కన నిలబడి పొంగిపోయాను.

మూడో వరుసలో ఒక తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు. పేరు రాయను. అంతకుముందు ఆదివారమే వాళ్ల నాయన అలాగే వచ్చి, వరండాలో గోడకు ఆనుకుని కునుకు తీయడం మేమంతా చూశాం. నేను ఆ దృశ్యం రాసింది అది చూసే. ఆయన ఎందుకు నిద్రపోతున్నాడో నేను అడగలేదు. రాత్రి షిఫ్టు దిగి, ఆ వెంటనే ఓటీ చేసి, ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చాడని తర్వాత తెలిసింది. చూడడానికి ఆదివారం ఒక్కరోజే అనుమతి కదా.

తప్పు నాదే. వేషం వేసినవాడిది కాదు, నవ్వినవాళ్లది కూడా కాదు. నేను మనిషిని చూపించాను, అతని వెనకున్న గడియారాన్ని చూపించలేదు.

కొన్నేళ్ల తర్వాత 'మోడరన్ టైమ్స్' చూసినప్పుడు ఈ సంగతి అర్థమైంది. సెలవుల్లో హాస్టల్‌కు వచ్చి, చిన్నవాళ్లతో కలిసి అదే దృశ్యాన్ని మళ్లీ రాశాను. ఈసారి ముందు వేదిక మీద ఒక పెద్ద అట్ట గడియారం. ఒక సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ 'ఇంకో నాలుగు గంటలు చెయ్యి' అంటాడు. గడియారం ముల్లు గిర్రున తిరుగుతుంది. తర్వాత తండ్రి వస్తాడు. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేయమంటే, అలవాటు కొద్దీ హాజరు వేస్తున్నట్టు కంపెనీ టోకెన్ నంబర్ రాస్తాడు. కొడుకు ఏ క్లాసని అడిగితే 'బీ షిఫ్టు' అంటాడు. హాలు నవ్వింది. అవే తప్పులు, అదే నిద్ర. కానీ ఈసారి నవ్వు వేరు. నవ్విన తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం కూడా వచ్చింది.

అప్పటికి ఇంటర్ చదువుతున్న ఆ తమ్ముణ్ణి తండ్రి వేషం వేయమని అడిగాను. వేయనన్నాడు. కానీ రిహార్సల్‌కు వచ్చి కూర్చున్నాడు. 'అన్నా, డబ్బా అట్ల పట్టుకోరు, సంకల పెట్టుకుంటరు, చేతులు గుంజుతయి గద' అని చూపించాడు. ఆ స్కిట్‌లో అందరికీ గుర్తుండిపోయింది అదే.

స్కిట్ రాసే తమ్ముళ్లకు

ఈ ఏడాది మీరు రాసే స్కిట్ మొదటి దృశ్యాన్ని ఈ ప్రశ్నలతో పరీక్షించుకోండి.

1. ప్రధాన పాత్ర రాకముందు ప్రేక్షకుడు ఏం చూస్తున్నాడు? అతని ఇరకాటానికి కారణం అందులో ఉందా?

2. పాత్ర పరిచయం దేనితో జరుగుతోంది? సొంత మాటతోనా, లోకం పెట్టిన పేరుతోనా, చేసే పనితోనా?

3. నవ్వు దేని మీద పడుతోంది? యాస మీద, నలుపు మీద, నత్తి మీద, కుంటితనం మీద, పేదరికం మీద పడుతుంటే ఆ వాక్యం కొట్టేయండి. ఆ మనిషిని అక్కడికి తోసినదాని మీద పడేలా వరుస మార్చండి.

4. మీ పాత్రలాంటి మనిషి ప్రేక్షకుల్లో కూర్చుంటే అతను కూడా నవ్వగలడా?

అభ్యాసం: మన వంటమనిషి అక్కను, వాచ్‌మన్ తాతను లేదా మీ ఇంట్లో కంపెనీకి వెళ్లేవాళ్లను ఒక గంటసేపు గమనించండి. వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. మాటలు రాయవద్దు. ఆ చేతులతోనే రెండు నిమిషాల దృశ్యం తయారుచేయండి. వాళ్లకే ముందు చూపించండి.

చివరగా ఒక మాట. ఈ హాస్టల్ గేటు దాటి బయటి కాలేజీకో ఉద్యోగానికో వెళ్లినప్పుడు మొదట అడిగేది 'మీ నాన్న ఏం చేస్తారు' అనే. జోగిపేట శ్రీకాంత్‌లాగే మనలో చాలామందిమి అక్కడ తడబడ్డాం, మాట మార్చాం. నేనూ మార్చాను. చాప్లిన్ తన పాత్రకు పేరు పెట్టలేదు, పని మాత్రం దాచలేదు. మన పరిచయంలో కూడా ఆ వాక్యం తలెత్తుకుని చెప్పగలిగిన రోజున, మనం రాసే స్కిట్‌లు వాటంతటవే బాగుపడతాయి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పాత విద్యార్థి